మన రొయ్య - ఓడ ప్రయాణం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతపు సరుకు విదేశాలకు ఎలా వెళుతుందో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మన ప్రాంతం అనగానే అందరికీ పత్తి, మిరప గుర్తుకొస్తాయి. అవి నిలవకు ఓర్చుకునే సరుకులు. మిరపకాయలను గుంటూరు చుట్టుపక్కల కోల్డు స్టోరేజీల్లో పెట్టి, ధర వచ్చినప్పుడు తీసి "ఏసీ కాయలు" అని అమ్ముకుంటాం. బాగా ఆరిన కాయకు తేమ తగలకుండా చూసుకుంటే, మామూలు కంటైనరులోనే సముద్రం దాటుతుంది.

కానీ అదే చేలకు తూర్పు అంచున నిజాంపట్నం, బాపట్ల, చీరాల, కొత్తపట్నం, సింగరాయకొండ వైపు చెరువుల్లో పెరిగే రొయ్య సంగతి వేరు. పట్టుబడి రోజున వల పైకి వచ్చిన నిమిషం నుంచి దానికి గడువు మొదలవుతుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ కళకళలాడాయి. 2023-24లో మన దేశం నుంచి 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు, 60,523 కోట్ల రూపాయల విలువైనవి ఎగుమతి అయ్యాయి. ఆ విలువలో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే. రొయ్యల సాగులో దేశానికి మన రాష్ట్రమే ముందు.

చల్లదనాన్ని ఓడలో పంపడం కొత్త ఆలోచనేమీ కాదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి చెరువుల మీది మంచుగడ్డలను కోసి, రంపపు పొట్టులో కప్పి కలకత్తాకు పంపారు. బయలుదేరిన 180 టన్నుల్లో సగానికి పైగా కరగకుండా చేరింది. మద్రాసు బీచిలో ఇప్పుడు వివేకానంద భవనంగా ఉన్న "ఐస్ హౌస్" ఆ వ్యాపారం కోసం కట్టిందే. తరువాత 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ న్యూజిలాండ్ నుంచి సుమారు 5 వేల గొర్రెల మాంసాన్ని గడ్డకట్టించి, 98 రోజుల్లో లండన్‌కు చేర్చింది. దారిలో చల్లగాలి సరిగా తిరగడం లేదని ఆ ఓడ కెప్టెనే లోపలికి పాకి వెళ్లి, గాలి గొట్టాలకు కంతలు కోసి, చలికి కొయ్యబారిపోతే కాళ్లకు తాడు కట్టి బయటికి లాగారని చెబుతారు.

ఆ ఓడలో మాంసాన్ని గడ్డకట్టించే యంత్రం ఓడమీదే ఉండేది. ఇప్పటి పద్ధతి అలా కాదు. ఈ ఒక్క సంగతీ తెలిస్తే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది. రీఫర్ కంటైనరు సరుకును గడ్డకట్టించదు. గడ్డకట్టిన సరుకును ఉన్నదున్నట్టుగా కాపాడుతుంది, అంతే.

పని ఎలా జరుగుతుందో చూడండి. చెరువు గట్టు మీదే రొయ్యను ఐసు నీళ్లలో ముంచి, ఐసు పొరల మధ్య పేర్చి వాను ఎక్కిస్తారు. ఒక కిలో ఐసు కరగడానికి 80 కిలోకాలరీల వేడి తీసుకుంటుంది. ఒక కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక్క కిలోకాలరీ చాలు. ఐసు బలం అక్కడుంది. ఐసు దగ్గర పొదుపు చేసిన వాను ప్లాంటుకు చేరేసరికి అడుగు వరస మెత్తబడుతుంది. ప్లాంటులో కడగడం, తలలు తీయడం, కౌంటు ప్రకారం వేరుచేయడం జరుగుతాయి. గంటల తరబడి ఐసు నీళ్లలో చేతులు పెట్టి ఈ పని చేసేవారిలో ఎక్కువమంది మన ఊళ్ల ఆడపడుచులే. తరువాత సున్నాకు దిగువ 40 డిగ్రీల దాకా పోయే యంత్రాల్లో వేగంగా గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే లోపల మంచు పలుకులు పెద్దవై కండను చీలుస్తాయి. వండినప్పుడు నీరు కారి, రుచి పోతుంది. ఆరిపోకుండా రొయ్యకు పలుచని మంచు పూత కూడా వేస్తారు.

రొయ్య నడిమధ్యలో కూడా సున్నాకు దిగువ 18 డిగ్రీలకు చేరిన తరువాతే కంటైనరుకు ఎక్కించాలి. అందులో చల్లగాలి నేలమీది కాలువల గుండా వచ్చి, పెట్టెల చుట్టూ తిరిగి, పైనుంచి వెనక్కి పోతుంది. అందుకే లోపల గీసిన గీత దాటి పెట్టెలు పేర్చకూడదు. ట్రైలరు మీద జనరేటరు, రేవులో ప్లగ్గు, ఓడలో ప్లగ్గు. చెన్నైకో విశాఖకో చేరి, అక్కడినుంచి అమెరికా దాకా కరెంటు తెగకూడదు.

ఇక అసలు చెప్పదలచుకున్న మాట. ఉద్యోగరీత్యా నేను ఇటువంటి ప్లాంట్ల తనిఖీకి వెళ్లేవాణ్ణి. పేరు అనవసరం, ఒక ప్లాంటులో ఉష్ణోగ్రతల రిజిస్టరు చూశాను. రెండేసి గంటలకు ఒకసారి "మైనస్ 20" అని, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒకే సిరాతో నిండి ఉంది. ఆ వారంలో ఒక రాత్రి గాలివానకు ఆ ప్రాంతమంతా కరెంటు లేదని అందరికీ తెలుసు. డీజిలు రిజిస్టరు తెప్పించాను. ఆ రాత్రి జనరేటరుకు ఒక్క లీటరు కూడా ఇవ్వలేదు! అట్టపెట్టెలు విప్పిస్తే గడ్డల మూలలు అరిగి గుండ్రంగా ఉన్నాయి. పెట్టె అడుగున కారిన నీరు పలకలా మళ్లీ గడ్డకట్టి ఉంది.

మేనేజరుగారు, "ఇప్పుడు రాయిలా ఉంది కదండీ, ఓడ ఎక్కితే ఇంకా గట్టిపడుతుంది" అన్నారు. రాయిలా ఉండటం వేరు, పాడుకాకుండా ఉండటం వేరు. కరిగినప్పుడు పెరిగిన సూక్ష్మజీవులు మళ్లీ గడ్డకట్టించినంత మాత్రాన చావవు, నిద్రపోతాయి. ఆ సరుకుకు నేను సంతకం పెట్టలేదు. రాత్రి డ్యూటీ కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, ఎందుకలా రాశావని అడిగాను. "నిజం రాస్తే ఉద్యోగం పోతుందండీ" అన్నాడు.

సోదరులారా, మనమంతా రిజిస్టర్ల మధ్య జీవితం గడిపినవాళ్లం. ఆ కుర్రవాడి మాటలోని బరువు మనకు చెప్పనక్కరలేదు. కంటైనరులోని యంత్రం తన ఉష్ణోగ్రతను తానే నమోదు చేసుకుంటుంది, దానికి భయం లేదు. దానికి ముందున్న మజిలీల్లో రాసేది మనిషి. నిజం రాసినవాణ్ణి శిక్షించే చోట రిజిస్టరు ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

దాని ఫలితం ఒక్క ప్లాంటుతో ఆగదు. 1997లో పరిశుభ్రత లోపాల పేరుతో యూరప్ సంఘం మన దేశపు సముద్ర ఉత్పత్తులను కొంతకాలం ఆపేసింది. శుభ్రంగా పనిచేసినవారి సరుకు కూడా ఆగింది. అదే సంవత్సరం చివర అమెరికా కూడా, సముద్రాహారం తయారీలో కీలక దశలకు రాతపూర్వక రికార్డు ఉండాలన్న నియమం అమలులోకి తెచ్చింది. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. మొదట్లోనే బాగున్న సరుకుకు దాంతో ఖర్చు పెరిగిందే తప్ప ప్రమాదం రాలేదు. అరకొరగా గడ్డకట్టిన సరుకును మాత్రం ఏ ఓడా బాగుచేయలేదు. చివరికి ఆ నష్టం కౌంటు ధర తగ్గి, అప్పు చేసి మేత కొన్న రైతు నెత్తిన పడుతుంది.

మనలో చాలామంది పిల్లలు, బంధువులు ఈ ప్లాంట్లలో, ఐసు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. కొందరు యజమానులు కూడా. వారికి మనం చెప్పగలిగింది ఒకటుంది. మైనస్ 20 రావలసిన చోట మైనస్ 9 అని రాసిన కుర్రవాణ్ణి కసరకండి. వాడివల్ల ఒక గది సరుకు పోవచ్చు, ఊరి పేరు నిలుస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఇంట్లో పనికొచ్చే చిన్న ఉపాయం కూడా చెప్పి ముగిస్తాను. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులో ఉంచండి. ఊరినుంచి వచ్చి చూసినప్పుడు బిళ్ల పైనే ఉంటే సరే. అడుగుకు దిగి ఉంటే మీరు లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయినట్టు. ఆ ఫ్రీజరులోని పదార్థాలు పారేయండి. రూపాయి బిళ్లకు ఉద్యోగ భయం లేదు కనుక అబద్ధం చెప్పదు.