వేడి కాదు, వెలుగే కరెంటు

ఇంటి మీద సోలార్ పలకలకు లోను తీసుకుందామా అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాలల్ల అడుగుతున్నరు. కిస్తీ కట్టేది మనమే కాబట్టి, ఆ పలక ఏం చేస్తదో ముందు తెలుసుకుందాం.

సూర్యాపేట పాత పేరే భానుపురి. మనకు ఎండ కొదవ లేదు. అయితే మే నెలల ఎండ మండుతది కాబట్టి కరెంటు కూడా ఎక్కువొస్తదని అనుకుంటం. అట్ల కాదు. పలక పనిచేసేది వెలుగుతోని. వేడెక్కితే దాని పని తగ్గుతది. 25 డిగ్రీలు దాటినంక ఒక్కో డిగ్రీకి నూటికి అర వంతుకు కొంచెం తక్కువ పోతది. అందుకే కింద గాలి ఆడేటట్టు ఎత్తుగ బిగించమని అడగాలె.

పలకలో కనపడే గళ్లే సెల్లులు. వాటిని సిలికాన్‌తో చేస్తరు. అది ఇసుకలో ఉండే పదార్థమే. ఒక పొరలో రవ్వంత భాస్వరం, ఇంకో పొరలో రవ్వంత బోరాన్ కలుపుతరు. వెలుగు తగిలితే ఎలక్ట్రాన్లనే సన్నటి కణాలు విడిపోతయి. మోటారు ఫుట్‌వాల్వు నీళ్లను వెనక్కి పోనియ్యనట్టు, రెండు పొరలు కలిసేకాడ వాటిని ఒక్క దిక్కుకే పంపే శక్తి ఉంటది. అవి వైరులో పోయి, బల్బు వెలిగించి, ఇంకో వైపు నుంచి మళ్ల సెల్లులోకే వస్తయి. ఆ నడకే కరెంటు. లోపల కాలేది లేదు, ఖర్చయ్యేది లేదు.

ఒక్క సెల్లు ఇచ్చేది అర వోల్టు పైచిలుకే. అందుకే చాలా సెల్లులను దండ గుచ్చినట్టు కలుపుతరు. దండలో ఒక్కదాని మీద వేపకొమ్మ నీడ పడ్డా మిగతావాటి కరెంటు తగ్గుతది. మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కనుండే అక్కలకు ఊక దుమ్ము సంగతి మేం చెప్పాల్నా? పలక చల్లగ ఉన్నప్పుడు, పొద్దుగాలనే మెత్తటి గుడ్డతో తుడవండి.

ఇగ పైసల లెక్క. 1 కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తయి. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కానీ అది బిగించినంకనే ఖాతాల పడ్తది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికి అప్పుచేసి పలకలు పెట్టుడు మా లెక్కకైతే కుదరదు. నెలనెలా పెద్ద బిల్లు కట్టే ఇంటికి కుదురుతది.

ఇంకోటి. లైనుకు కలిపిన సోలార్, ఊర్ల కరెంటు పోతే తనూ ఆగిపోతది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టొద్దని అట్ల పెట్టిన్రు. కరెంటు లేనప్పుడు ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ వేరే కావాలె. దాని ధర కూడా లోను రాసే రోజే అడగండి.