రాజమహేంద్రవరంలో ఒక ఇల్లు, ఒక తోట



ఉగాదిపూట నాలుగు మాటలు చెప్పమన్నారు. పండితుణ్ణి కాను. ఈ బరంపురంలోనే పుట్టి పెరిగినవాణ్ణి. మొన్న మా అమ్మను వెంటబెట్టుకొని కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూసివచ్చాను. ఆ సంగతే మనవి చేస్తాను.

అమ్మకు ఎనభై దాటాయి. కాశీకి తీసుకువెళ్ళనా అంటే, "రాజమండ్రిలో పంతులుగారి ఇల్లు చూపించు నాయనా, చాలు" అన్నది. మనవైపునుంచి వెళ్ళేవారికి గోదావరి వంతెన ఎక్కకముందే ఆ ఊరు వస్తుంది గనుక ప్రయాణం సుఖంగానే జరిగింది.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుగారికీ, బాలవితంతువు గౌరమ్మగారికీ వివాహం జరిగింది ఆ ఇంట్లోనే. నేను గోడలమీది పటాలు చూస్తూంటే అమ్మ, "వంట ఎక్కడ చేశారో?" అని అడిగింది. వెలివేస్తారన్న భయంతో వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ మానుకుంటే, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుంచి నీళ్ళు తెచ్చి వండిపెట్టారు. ఆ మాట చెప్పబోతే, "నాకు తెలుసులే" అన్నది.

అక్కడినుంచి ఆనంద గార్డెన్సుకు వెళ్ళాము. దంపతుల సమాధులున్న తోట అది. ఎండ ముదిరింది, చెట్టునీడన కూర్చోబెట్టాను. చాలాసేపటికి అమ్మ నోరు విప్పింది.

"మా నాన్నకు పంతులుగారంటే దేవుడితో సమానం. హాల్లో పటం కట్టించాడు. పుస్తకాలన్నీ కొన్నాడు. వచ్చినవాళ్ళందరికీ వితంతు వివాహం గురించి చెప్పేవాడు. మా మేనత్త పదకొండో ఏట ముండమోసి మా ఇంట్లోనే ఉండేది. ఆ పటం కిందనే కూర్చుని బియ్యం ఏరేది. నన్ను పెంచింది ఆవిడే. చెల్లెలికి మళ్ళీ పెళ్ళి చేస్తానని నాన్న ఒక్కనాడూ అనలేదు."

ఆ పటాన్ని చూసి చిన్నతనంలో నేనెంత గర్వపడ్డానో! నలుగురిలోనూ చెప్పుకున్నాను కూడా. తాతగారు చెడ్డవారు కారు. పదిమందికీ అన్నం పెట్టిన మనిషి. బంధువులు ఏమంటారో అన్న జంకు ఆయనను ఆపింది. అదే జంకును లెక్కచేయని ఇల్లు అంతకుముందే ఒకటి చూసివచ్చాము గనుక, ఆయన తరఫున మాట్లాడడానికి నాకు నోరు రాలేదు.

"అత్తయ్య ఫోటో ఉందా అమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఆ తలతో ఎవరు తీయిస్తారురా?" అన్నది.

ఈ మాటలు సభలో చెప్పమన్నది అమ్మే. ఆ మొదటి వరుసలోనే కూర్చున్నది. సెలవు.