ఆసుపత్రి బిల్లు కూడా వార్తే
(పటమటలో జరిగిన ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య వ్యాపారంపై మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా స్ఫురించిన పేరు పాలగుమ్మి సాయినాథ్. ఆయన వైద్యులు కారు, పాత్రికేయులు. 1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించారు. 'బ్లిట్జ్' వారపత్రికలో ఉన్నత బాధ్యతలు నిర్వహించి, 1993లో ఒక ఫెలోషిప్‌తో దేశంలోని నిరుపేద జిల్లాల బాట పట్టారు. ఆ వార్తా కథనాలే 1996లో పుస్తకంగా వెలువడ్డాయి. అందులో ఒక భాగం పూర్తిగా గ్రామీణ ఆరోగ్యానిదే. వైద్యుడు లేని ఆరోగ్య కేంద్రాలు, ఆ ఖాళీలో వర్ధిల్లే అర్హత లేని వైద్యులు అక్కడ కనిపిస్తారు.

2004 నుండి 'ది హిందూ' గ్రామీణ వ్యవహారాల సంపాదకులుగా మన రాష్ట్రంలో ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్లకు వెళ్లారు. విత్తనాలు, ఎరువులు, వడ్డీలతో పాటు వైద్య ఖర్చు కూడా ఆ కుటుంబాలను అప్పుల్లోకి నెట్టిందని వెల్లడించారు. 2007లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించింది. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప మేలు ఒకటే: ఇంటి గుట్టుగా దాచుకునే ఆసుపత్రి అప్పును ప్రజాసమస్యగా నిలబెట్టారు.

అదే 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. ఎందరో పేదలకు ఖరీదైన శస్త్రచికిత్సలు దక్కాయి. దానిని కాదనలేము. అయితే పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. మధుమేహానికి, రక్తపోటుకు నెలనెలా కొనే మాత్రలు, పదేపదే చేయించే పరీక్షలు చాలావరకు జేబు నుండే పోతాయి. మన ఆటోనగర్‌లో చిన్న షెడ్డులో పనిచేసే మెకానిక్‌ను చూడండి. పదిమంది కన్నా తక్కువ పనివారున్న చోటుకు సాధారణంగా ఇ.ఎస్.ఐ. వర్తించదు. గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నా అతనికి దాని తలుపు తెరుచుకోదు. రోగం వచ్చిన రోజునే కూలీ ఆగిపోతుంది, ఖర్చు మొదలవుతుంది.

నేను గుమాస్తాగా ఏళ్ల తరబడి వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంట్ ఫైళ్లు చూశాను. వివరాలు లేని బిల్లును ఆడిట్ అంగీకరించేది కాదు. ప్రభుత్వ ధనానికి ఉన్న ఆ రక్షణ పేదవాడి ధనానికి ఎందుకు ఉండరాదు?

ఉండాలనే జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దానిని రాష్ట్రాలకు పంపింది. చికిత్స ధరలు ముందుగా తెలుసుకోవడం, పద్దులవారీ బిల్లు, కేసు కాగితాల నకళ్లు పొందడం, మందులు నచ్చిన దుకాణంలో కొనుక్కోవడం రోగి హక్కులని అది చెబుతున్నది. బాకీ ఉన్నదని మృతదేహాన్ని ఆపరాదని కూడా చెబుతున్నది. అత్యవసర వైద్యాన్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పునిచ్చింది.

హక్కు కాగితం మీద ఉన్నంతమాత్రాన చేతికి రాదు. కాబట్టి ప్రతి బస్తీలో చదువుకున్న ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ముందుకు రావాలి. ఆసుపత్రికి వెళ్లే కుటుంబానికి తోడుగా వెళ్లండి. బిల్లు అడగండి, భద్రపరచండి, అన్యాయం కనిపిస్తే జిల్లా వైద్యాధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఆ కాగితాలను స్థానిక విలేకరికి చూపండి. సాయినాథ్ వంటివారు ప్రతి వీధికీ రాలేరు. మన వీధి లెక్క మనమే రాసి ఉంచితే, రాసేవారికి ఆధారం దొరుకుతుంది, పాలకులకు తప్పించుకునే దారి మూసుకుపోతుంది.