మంచికి పోతే మాట పడాలా?



మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తరచు అనే మాట ఒకటుంది, "మంచికి పోతే చెడ్డ ఎదురయింది" అని. ఎవరికో సాయం చేసి మాట పడ్డప్పుడు అంటారు. న్యాయం చెప్పబోయి తగువులో ఇరుక్కున్నప్పుడూ అంటారు. అనేసి, ఓ నిట్టూర్పు విడిచి, "ఇకమీదట ఎవరి జోలికీ పోకూడదు బాబూ" అని ముక్తాయిస్తారు. ఆ ముక్తాయింపు దగ్గరే నాకు పేచీ. చెడ్డ ఎదురవడం నిజమే. అంతమాత్రాన మంచికి పోవడం మానుకోవాలా అన్నదే ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం.

ముందు మనకందరికీ తెలిసిన సంగతే తీసుకుందాం. ఒకావిడ తన కొడుక్కి కట్నం లేకుండా పెళ్ళి చేయదలచిందనుకోండి. కట్నం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమేనని 1961లోనే చట్టం వచ్చింది. ఆ లెక్కన ఆవిడ చేసేది పెద్ద త్యాగమేమీ కాదు, చట్టానికి లోబడి నడుచుకోవడమే. మరి చుట్టాలేమంటారు? "అబ్బాయిలో ఏదైనా లోపముందేమో కనుక్కోండి" అంటుంది ఒకావిడ. "ఉద్యోగం పర్మనెంటేనంటారా వదినగారూ?" అని ఇంకొకావిడ సందేహం. "పైకి అలాగే అంటారు, లోపల్లోపల పొలం రాయించుకునే ఉంటారు" అని మరొకావిడ తీర్మానం. ఇక చిన్న తోటికోడలిదయితే నిష్ఠూరమే. "మీరిలా ఆదర్శాలకు పోతే రేపు మావాడి సంగతేమిటి అక్కయ్యా? మేమేదో పిల్లవాణ్ణి అమ్ముకునేవాళ్ళమని నలుగురిలో చాటినట్టయింది కదా!" అంటుంది.

చూశారా విడ్డూరం! లక్షలు పుచ్చుకున్నవారిని పల్లెత్తు మాట అన్నవారు లేరు. వద్దన్నావిడ మాత్రం వచ్చిన ప్రతివారికీ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఎందుచేతనంటే, ఆ తోటికోడలి మాటలోనే జవాబుంది. ఒకరు వద్దన్నంతసేపూ పుచ్చుకున్నవారికి అది ఆచారం. ఒక్కరు వద్దనేసరికి అది వారి ఇష్టం అయి కూచుంటుంది. "అందరూ చేస్తున్నదే కదా" అనే చాటు పోతుంది. చాటు పోగొట్టినవారిమీద కోపం రాకుండా ఉంటుందా మరి?

ఈ కోపం ఇవాళ పుట్టింది కాదు. 1881వ సంవత్సరం డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మన తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు గౌరమ్మ అనే బాలవితంతువు. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములుగారు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని చట్టం వచ్చింది 1856లో. అంటే చట్టం వచ్చిన పాతికేళ్ళకు గాని మన దగ్గర ఒక్క పెళ్ళి జరగలేదన్నమాట. అదయినా కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి వంటివారు ధనసహాయం చేస్తే, బడిపిల్లలు పంతులుగారి పక్షాన నిలబడితే, పోలీసుల బందోబస్తు మధ్య జరిగింది. ఓ పసిపిల్లకి పసుపుకుంకుమలు ఇవ్వడానికి పోలీసులు కావలసివచ్చారు!

పంతులుగారిమీద ఊరికి అప్పటికే గుర్రుగా ఉంది. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ ఏడాదే 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టి, లంచాలు తినే ఉద్యోగుల గుట్టు రచ్చకెక్కించారు. ఇప్పుడీ పెళ్ళితో అందరి కోపమూ ఒక్కచోటికి వచ్చి చేరింది. ఆయన్ను వెలివేశారు.

వెలి అంటే ఏమిటో ఈ కాలంవారికి సరిగా తెలియదు. వెలిపడ్డ ఇంట మంచినీళ్ళు పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే పుచ్చుకున్నవారూ వెలే. ఆ ఇంటికి పురోహితుడు రాడు. తద్దినం పెడదామంటే భోక్తలు దొరకరు. వంటవాళ్ళు రారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రారు. పెళ్ళికి వచ్చినవారిలో కొందరు తరువాత ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి కులంలో కలిశారు. వాళ్ళందరూ దుర్మార్గులా అంటే నేను అననండీ. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటుంది. వెలిపడ్డవారితో కలిసి తిన్నారని తెలిస్తే ఆ పిల్లకి సంబంధం రాదు. భయం వాళ్ళ నోరు మూయించింది. ఆ భయమే కొందరి చేత పంతులుగారిని తిట్టించింది కూడాను. భయపడ్డామని ఒప్పుకోవడంకన్నా ఎదుటివాడు చెడ్డవాడనుకోవడం తేలిక కదా!

ఇప్పుడు ఆ ఇంట్లోకి వెళ్ళి చూద్దాం. సంఘాన్ని ఎదిరించిందెవరంటే పంతులుగారని పుస్తకాలన్నీ చెబుతాయి, అది నిజమే. కాని నీళ్ళవాళ్ళు మానేస్తే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చుకున్నదెవరు? వంటవాళ్ళు రాకపోతే అంతమందికీ పొయ్యి దగ్గర నిలబడి వండి వడ్డించినదెవరు? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆవిడ పేరుమీద పత్రిక లేదు, ఉపన్యాసాలు లేవు. బంధువులు దూరమయ్యారు, పేరంటాలకు పిలిచేవారు లేకపోయారు. ఆ దంపతులకు పిల్లలు లేరు. "చేసిన పాపం ఊరికే పోతుందా" అనడానికి నోళ్ళకి అంతకన్న ఏం కావాలి? అయినా దిక్కులేని వితంతువులు ఒక్కొక్కరే ఆ గుమ్మంలోకి వస్తూంటే, ఆవిడ వాళ్ళకు తల్లిలా అన్నం పెట్టి, పెళ్ళిళ్ళు చేసి పంపింది. 1910లో కన్నుమూసేదాకా ఆవిడ చేసిన పని అదే.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. నియమం ఒకరు పెట్టుకుంటే దాని ఖరీదు తరచు ఇంట్లో ఇంకొకరు చెల్లిస్తారు. కనుక మంచిపని తలపెట్టేవారు ముందు ఇంట్లోవారిని కూర్చోబెట్టి చెప్పాలి, "ఇదిగో, ఇలా చేద్దామనుకుంటున్నాను, ఇన్ని మాటలు పడవలసివస్తుంది, మీకు సమ్మతమేనా?" అని. సమ్మతించి మోసిన బరువూ, చెప్పాపెట్టకుండా నెత్తిన పడ్డ బరువూ ఒకటి కావు.

మరాఠీదేశంలో సావిత్రీబాయి ఫూలేగారు ఉండేవారు. 1848లో పుణేలో భర్త జోతిరావుగారితో కలిసి ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆవిడ బడికి పోతూంటే దారిలో మట్టి, పేడ విసిరేవారు. ఆవిడ ఏం చేసేవారో తెలుసా? సంచీలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేవారు. బడికి వెళ్ళగానే పాడయిన చీర మార్చుకుని పాఠం మొదలుపెట్టేవారు. నాకీ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఎంతో ధైర్యంగా ఉంటుంది. వానాకాలంలో గొడుగు పట్టుకుని వెళ్ళమూ? వాన కురిసిందని మేఘాన్ని తిడుతూ వీధిలో నిలబడిపోతామా? పేడ పడుతుందని ఆవిడకు ముందే తెలుసు, అందుకు తగిన ఏర్పాటు చేసుకున్నారు, తన పని తాను చేసుకున్నారు. అలాంటి ఆవిడ 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ జబ్బే తగిలి పోయారు.

అయితే మాటలన్నీ ఒక్క రకంవి కావు. ఎవరు ఎందుకంటున్నారో తెలుసుకుంటే సగం బాధ తగ్గుతుంది.

కొందరు తమ రాబడి పోతుందని అంటారు. 1990ల తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడిమీదికి వెళ్ళారు. రాత్రిబడిలో చదువుకున్న పాఠాలు వాళ్ళకా ఆలోచన కలిగించాయి. వాళ్ళలో రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. కూలి డబ్బులు ఇల్లు చేరకుండా అంగడిలో ఖర్చయిపోతూంటే పిల్లలకు ఇంత గంజి పోయడానికి లేక చేసిన పని అది. అయినా "ఆడవాళ్ళు రోడ్డున పడ్డారు" అన్నారు, "మగాడి తాగుడు మానిపించడానికి మీరెవరు?" అన్నారు. ఆ మాటల వెనక సారా వ్యాపారం ఉంది. అలాంటివారికి ఎంత మంచిగా నచ్చచెప్పినా లాభం లేదు. అక్కడ కావలసింది పదిమంది తోడు. ఆ తోడు ఉన్నది కనుకనే వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నది వేరే సంగతి. వాళ్ళు చేసింది ఊరికే పోలేదు.

కొందరు భయం కొద్దీ అంటారు, రాజమహేంద్రవరం ఇరుగుపొరుగుల్లాగా. వాళ్ళమీద కోపం పెట్టుకోకూడదు. భయం తీరిననాడు వాళ్ళే మన గుమ్మంలోకి వస్తారు. ఆ రోజున "అప్పుడేమన్నావ్?" అని తవ్వితీయకుండా పీట వేసి కూర్చోబెట్టడం మన వంతు.

ఇంకొందరికి మనల్ని చూస్తే ఇబ్బంది, ఆ తోటికోడలిలాగా. వాళ్ళ దగ్గర మనం చెయ్యవలసింది ఒక్కటే, చేసిన పని గురించి తక్కువ మాట్లాడడం.

ఈ ఆఖరుదాన్ని కాస్త విడమరచి చెప్పాలి. కట్నం పుచ్చుకోని అత్తగారు ఆ సంగతి వచ్చినవారికల్లా చెబుతూ ఉంటే, ఇంట్లో కోడలి పరిస్థితి ఏమిటి? "దమ్మిడీ పుచ్చుకోకుండా చేసుకున్నాం" అనే మాట పదిసార్లు చెవినపడితే ఆ పిల్లకది తీరని అప్పులాగా తోస్తుంది. కూర బాగాలేదన్నా, పుట్టింటికి వెళతానన్నా, ఆ అప్పు గుర్తుకొస్తుంది. కట్నం ఇచ్చి వచ్చిన కోడలికన్న బిక్కుబిక్కుమంటూ బతుకుతుంది. డబ్బు రూపంలో వద్దన్నదాన్ని కృతజ్ఞత రూపంలో వసూలు చేసినట్టే కదండీ? చేసిన మంచి గుమ్మానికి తోరణంలా కట్టుకుని తిరిగితే ఎదుటివారికి ఒళ్ళు మండడంలో వింతేముంది?

కనుక మనల్ని అన్నవారందరూ ఓర్వలేకనే అన్నారనుకోవడమూ సరికాదు. బియ్యం చేటలో వేసి చెరుగుతాం కదా! పొట్టు ఎగిరిపోతుంది, నూకలు ఓ పక్కకి చేరతాయి, గింజలు మిగులుతాయి. మాటల్నీ అలాగే చెరగాలి. "అబ్బాయిలో లోపముందేమో" అన్నది పొట్టు, దాన్ని ఊదెయ్యండి. "పెళ్ళిఖర్చు అంతా ఆడపిల్లవారి మీదే వేశారటగా, అదీ కట్నంలాంటిదే కదా" అని ఎవరైనా అన్నారనుకోండి, అది గింజ. కోపం తెచ్చుకోకుండా దాన్ని ఏరి దాచుకోవాలి, ఖర్చులో సగం పంచుకోవాలి. గింజ ఎవరి నోటినుంచి వచ్చినా గింజే.

కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులవారిని గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఫలానాయన మిమ్మల్ని తిడుతున్నాడండీ అని ఎవరో వచ్చి చెబితే, "అదేమిటి, నేనతనికి ఏ ఉపకారమూ చేసినట్టు గుర్తులేదే!" అన్నారట. వితంతు వివాహాలకోసం ఆయన అప్పులపాలయ్యారు. సాయం పొందినవారిలోనే మోసగించినవారున్నారు. అనుభవం మీద వచ్చిన చమత్కారం అది. అయితే ఆయన నవ్వి ఊరుకున్నారు గాని పని మానుకోలేదు, చూడండి.

చివరగా ఒక్కమాట. ఇంతసేపూ మంచి చేసి మాట పడ్డవారి పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. నిజం చెప్పాలంటే మనలో వీరేశలింగం పంతులుగార్లు, సావిత్రీబాయిలు అయ్యేవారు ఎందరుంటారు? మనం ఎక్కువగా ఉండేది ఆ పక్కింట్లో. కిటికీలోంచి చూస్తూ ఉంటాం. వీధిలో ఎవరో ఒకావిడ కట్నం వద్దంది, లంచం ఇవ్వనంది, కోడల్ని కొడుతున్న ఇంటికి వెళ్ళి అడ్డుపడింది అని కబురు వస్తుంది. దాంతోపాటే ఆవిడమీద ఓ పుల్లవిరుపు మాట కూడా వస్తుంది. ఆ మాటను మన దగ్గరే ఆపెయ్యవచ్చు. దానికి డబ్బు అక్కర్లేదు, చదువక్కర్లేదు. ఇంకొంచెం ధైర్యముంటే ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చుని రావచ్చు.

ఆ రోజున రాజమహేంద్రవరంలో ఏ పక్కింటావిడయినా చీకటిపడ్డాక ఒక బిందె నీళ్ళు తెచ్చి రాజ్యలక్ష్మమ్మగారి గుమ్మంలో దింపి ఉంటే, ఆవిడకు ఒక నడక కలిసివచ్చేది. పెద్ద పెద్ద ఆదర్శాలు మనవల్ల అవుతాయో కాదో గాని, బిందెడు నీళ్ళు మోయడం మనందరికీ చేతనవును కదండీ!