వైద్యుడు వెడలిపోయిన పిమ్మట

"ఇక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అను మాట మన ఆసుపత్రులలో తరచుగ వినబడుచుండును. ఆ మాట విని, రోగిని బండి యెక్కించి తీసికొనిపోయిన కుటుంబములను మేమెరుగుదుము. శ్రోతలలోను ఎందరో ఎరిగియుందురు. రోగము కుదురదు గనుక వైద్యుడు తప్పుకొనును. నొప్పి మాత్రము తప్పుకొనదు. వైద్యుడు వెడలిపోయిన ఆ చోటనే తన పని నారంభించిన యొక వైద్యురాలిని గూర్చి నేడు ముచ్చటింతుము.

సిసిలీ సాండర్సు 1918లో లండనుకు ఉత్తరమున బార్నెటు పట్టణమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదువుచుండగా యుద్ధము వచ్చెను. చదువు నడుమ విడిచి సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరెను. కాని వెన్నునొప్పి ఆమెను ఆ వృత్తిలో నిలువనీయలేదు. మరల చదివి పట్టము పుచ్చుకొని, రోగుల ఇంటి కష్టసుఖములు విచారించు ఉద్యోగమున ఆసుపత్రికే తిరిగి వచ్చెను. ఆ ఉద్యోగములో నుండగా డేవిడ్ టాస్మా అను పోలెండు దేశపు యూదుడు ఆమె కెదురయ్యెను. వయసు నలువది, క్యాన్సరు, ఆ దేశమున నా యనువారు లేరు. ఆమె పోయి అతని మంచము చెంత కూర్చుండెడిది. నిశ్చింతగ కన్నుమూయుటకు తగిన యిల్లొకటి ఉన్న బాగుండునని ఇరువురును మాటలాడుకొనుచుండిరి. 1948లో అతడు మరణించుచు ఆమెకు 500 పౌనులు వ్రాసియిచ్చి, ఆమె కట్టబోవు ఇంటికి తానొక కిటికీగా నుందునని చెప్పెను. ఇల్లు మాట యటుండగా, అప్పటికి ఆమె వైద్యురాలైనను కాదు.

మరణించువారిని విడిచిపెట్టువారు వైద్యులే గనుక, పని చేయదలచిన వైద్యము చదువుమని యొక శస్త్రవైద్యుడు ఆమెకు సలహా యిచ్చెను. 33వ యేట కళాశాలలో చేరి, 1957లో పట్టభద్రురాలయ్యెను. మరుసటి సంవత్సరము నుండి హాక్నీలోని సెయింటు జోసెఫు ఆశ్రమమున పని చేసెను. అచటి సన్యాసినులకు దయ కొరత లేదు, కొరతయెల్ల పద్ధతికే. ఆ కాలమున పెక్కుచోట్ల నొప్పి భరింపరానిదైన పిమ్మటనే మార్ఫిను ఇచ్చువారు. రోగి అలవాటుపడునని భయము. అందుచేత రోగి గడియారము చూచుచు, మరల మందెప్పు డిత్తురోయని తపించువాడు. గడియారమును చూచుచు బ్రతుకుట మా వృత్తిలో మాకు నిత్యకృత్యమే గాని, ఇట్టి నిరీక్షణ శత్రువునకైనను వలదు. సిసిలీ ఈ వరుసను తలక్రిందులు చేసెను. మొదటి మోతాదు బలము తగ్గకమునుపే, నాలుగు గంటల కొకసారి, నోటి ద్వారా మందిప్పించెను. నొప్పి తల యెత్తకపోవుటచే దానిని గూర్చిన భయము సడలెను. రోగులు మత్తులో మునుగక, మేలుకొని తమవారితో మాటలాడగలిగిరి.

ఆమె రోగుల మంచముల చెంతకు టేపురికార్డరును గూడ తీసికొనిపోయెను. రేడియో వారమగుటచే ఈ సంగతి మా కెక్కువ ప్రీతి కలిగించెనని ఒప్పుకొందుము. మేము ఆ యంత్రమును మాటలాడుటకు వాడుదుము. ఆమె వినుటకు వాడెను. నొప్పి యెట్లున్నదని యొక రోగిణి నడుగగా, వెన్నున మొదలైనదని చెప్పి, అంతటితో ఆగక, పని మానుకొని తనను చూచుకొనవలసిన భర్తను, కుమారుని, వారు పోగొట్టుకొను కూలిని గూర్చి చెప్పుకొనిపోయినదట. దేహబాధ, మనోవ్యథ, ఇంటి దిగులు, దైవచింత ఇవియన్నియు కలిసియే నొప్పి యగునను భావమునకు ఆమె 'సంపూర్ణ వేదన' యని పేరు పెట్టెను. మందు వీనిలో ఒక్కదానినే తీర్చగలదు.

తుదకు 1967లో లండనులోని సిడెన్‌హాములో సెయింటు క్రిస్టఫరు ఆశ్రమము 54 పడకలతో వెలసెను. ఆ 500 పౌనులు చేతికి వచ్చి అప్పటికి 19 ఏండ్లు. టాస్మా కిటికీ ద్వారము చెంతనే యున్నది. 1969 నుండి అచటి నర్సులు రోగుల ఇండ్లకే పోయి చూడసాగిరి. 1987లో బ్రిటనులో ఈ శాఖ ప్రత్యేక వైద్యవిభాగముగా గుర్తింపబడెను. 2005 జూలైలో సిసిలీ క్యాన్సరుతోనే, తాను కట్టిన ఆ యింటిలోనే మరణించెను.

మన దేశమున నల్లమందు పంట ప్రభుత్వ అనుమతితో పండును. మార్ఫిను దానినుండియే వచ్చును. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పిమ్మట దానిని నిలువయుంచుట ఆసుపత్రులకు మిక్కిలి కష్టమయ్యెను. అనుమతిపత్రము లెన్నియో! పండించిన దేశములోనే రోగికి మాత్ర దొరకలేదు. 2014లో చట్టము సవరింపబడి కొంత సులభమైనది. 1993లో కేరళలోని కోళిక్కోడున ఆరంభమైన చికిత్సాలయము ఊరివారి తోడ్పాటుతో ఈ సేవను ఇండ్ల గడపలకు చేర్చినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు వైద్యశాలలోను ఉపశమన చికిత్సావిభాగ మున్నది. ఇంటికి తీసుకుపొమ్మని చెప్పిన వైద్యుని, నొప్పికి ఏమి చేయవలెను, ఎవరిని చూడవలెనని అడిగిన పిమ్మటనే రోగిని బండి యెక్కింపుడు.