ఆపరేషన్ సరే, కళ్లజోడేదీ?

శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. నన్ను పరిచయం చేసినాయన చెప్పినవాటిలో సగం నాకే కొత్త సంగతులు. అవన్నీ సభామర్యాదలు, కాదనకూడదు. ఫ్లెక్సీలో మాత్రం నా ముఖం పక్కన మన ఊరి దీపస్తంభం బొమ్మ వేశారు. 1876లో కట్టిన స్తంభం ఇంకా డ్యూటీలో ఉంది, నేను కంటి డాక్టరుగా రిటైరై చాన్నాళ్లయింది. ఆ పోలిక వదిలేద్దాం.

కరపత్రంలో అయిదు అంశాలు వేశారు: శుక్లం, నీటికాసులు, షుగరుతో చూపు పోవడం, పిల్లల కళ్లు, నేత్రదానం. వరుసగానే చెబుతాను.

శుక్లం అంటే ఏమీ లేదు. కంట్లో ఉండే కటకం వయసుతో మసకబారుతుంది. చుక్కల మందుతో కరగదు, పసరుతో అసలే కరగదు. దాన్ని తీసి వేరే కటకం పెట్టాలి. 2015-19 మధ్య దేశమంతటా చేసిన సర్వేలో, యాభై దాటినవాళ్ల అంధత్వంలో మూడింట రెండు వంతులు శుక్లం వల్లేనని తేలింది. అంటే వైద్యం తెలిసి, ఆసుపత్రులుండి, డబ్బు లేనివాళ్లకి ఉచితంగా చేసే ఏర్పాటుండి, ఇంకా గుడ్డివాళ్లుగా బతుకుతున్నారన్నమాట.

ఈ మాట ఎత్తితే మన జిల్లావాళ్లు ముందు సోంపేట వైపు తిరిగి దణ్ణం పెట్టాలి. కెనడియన్ బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడ కంటి వైద్యం చేశాడు. ఆయన స్వదేశం వెళ్లినప్పుడు ఇక్కడి సంగతులు చెబితే, కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి విన్నాడు. 1963లో అక్కడ ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థ పుట్టింది. తరవాత అది ఆసియాలో, ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు పాకింది. దాని పుట్టుక వెనక ఉన్నది సోంపేట. హైదరాబాదులో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పెట్టింది 1987లో. మదురైలో వెంకటస్వామిగారు పదకొండు మంచాలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టింది 1976లో. ఆ రెండింటి పేర్లూ మన పిల్లలకి తెలుసు. సోంపేట మాటెత్తితే ‘అక్కడేటుంది మాస్టారూ’ అంటారు. మన ఊరి గొప్ప మనకి ఎవరో విశాఖపట్నం నుంచి వచ్చి చెప్పాలి.

ఆ రోజుల ఆపరేషన్ ఎలా ఉండేదో ఇక్కడి పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండాలి. కటకాన్ని సంచీతో సహా పెరికి తీసేసేవారు, దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కాదు. తలకి అటూ ఇటూ ఇసుక సంచులు. కదలకూడదు, దగ్గకూడదు, గట్టిగా నమలకూడదు. కట్టు విప్పాక సోడాబుడ్డి అద్దాలు. ప్లస్ పది నంబరు. ఆ అద్దాల్లోంచి చూస్తే ప్రతిదీ పావు వంతు పెద్దగా, దగ్గరగా కనపడుతుంది. గ్లాసులోకి వంచిన నీళ్లు పక్కన పడతాయి. గడప మీద పెట్టాల్సిన కాలు గడపకి ఇవతలే దిగుతుంది. పక్కనుంచి వచ్చే మనిషి కొంతసేపు మాయమై, హఠాత్తుగా ఎదుట నిలబడతాడు.

1976లో కేంద్రం జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలుపెట్టాక జిల్లాకి ఇన్నని ఆపరేషన్ల లక్ష్యాలు వచ్చాయి. బడి గదుల్లో శిబిరాలు, బల్లల మీద రోగులు, చివర్న ఫొటో. లెక్క కత్తికి ఉంది. ముక్కు మీద జోడు నిలిచిందా అన్న లెక్క లేదు. నా పోట్లాట జీవితమంతా దాని గురించే.

ఈ తీరంలోనే ఒక జాలరి తాత. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. మళ్లీ కనపడితే కర్ర పట్టుకుని, మనవడి భుజం మీద చెయ్యేసి వస్తున్నాడు. ఏం తాతా అంటే, “కళ్లిచ్చినారు బాబూ, కెరటం ఎత్తుకుపోనాది” అన్నాడు. తెప్ప లాగుతుంటే జోడు నీళ్లలో పడిపోయింది. కటకం లేని కంటికి జోడు పోయిందంటే మళ్లీ గుడ్డే. సర్కారు పుస్తకంలో మాత్రం ఆయన చూపొచ్చినవాళ్ల లెక్కలో భద్రంగా ఉన్నాడు. ఆ మీదట ఆయనకి ఎవరు చూపిచ్చారనుకున్నారు? పక్క వీధిలో ఒక పెద్దాయన కాలం చేశాడు. ఆయన జోడు ఇంట్లోవాళ్లు తెచ్చి ఈయనకి పెట్టారు. అందరికీ పంచింది ఇంచుమించు ఆ ప్లస్ పదే కదా, సరిపోయింది! ఒక కాడ విరిగితే వల దారంతో చెవికి కట్టుకున్నాడు. మా డిపార్టుమెంటు చెయ్యని పని చావింట్లోవాళ్లు చేశారు.

కంట్లోనే కటకం పెట్టేస్తే ఈ గొడవ ఉండదని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరుకి తట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పులు పగిలి పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా, కన్ను వాటిని గాజుపెంకులా తిప్పికొట్టకుండా ఓర్చుకోవడం ఆయన గమనించాడు. 1949 నవంబరు 29న ఆ పదార్థంతోనే కటకం చేసి కంట్లో అమర్చాడు. తోటి డాక్టర్లు చాలా ఏళ్లు ఆయన్ని తిట్టిపోశారు. పేదవాడి దాకా అది రావడానికి ఇంకా నలభై ఏళ్లు పైనే పట్టింది. 1992లో మదురైలో ఆరోల్యాబ్ అనే సంస్థ కటకాలు చౌకగా తయారుచెయ్యడం మొదలుపెట్టాక గానీ మన శిబిరాల్లో సోడాబుడ్లు తగ్గలేదు.

ఇప్పుడు పది, పదిహేను నిమిషాల్లో అయిపోతోంది. కుట్టు లేదు, ఇసుక సంచీ లేదు. మరి నా పోట్లాట తీరిందా? తీరలేదు. పెట్టే కటకం సాధారణంగా దూరపు చూపుకి. దగ్గర చూపుకి జోడు కావాలి. ఆపరేషనైన కొన్ని వారాలకి నంబరు చూసి ఇవ్వాలి. ఆ చూపించుకోవడానికి రావాల్సిన రోజున సగంమంది రారు. శిబిరానికి తీసుకెళ్లిన బస్సు ఆ రోజు రాదు కదా! ‘సూది బెజ్జం కనపడటం లేదు, ఆపరేషన్ చెడింది’ అని వీధంతా చెబుతారు. అది విని పక్కింటి మామ్మ తన కన్ను చూపించడం మానేస్తుంది.

అదిగో, మూడో వరసలో అమ్మగారు కరపత్రాన్ని చెయ్యి బారచాపి పట్టుకుని చదువుతున్నారు. ఏమీ అనుకోకండమ్మా, మీ చెయ్యి చాలకపోయే రోజు దగ్గర్లోనే ఉంది. అది చత్వారం. నలభై దాటితే రాజుకీ వస్తుంది, కూలికీ వస్తుంది. రాజు జోడు కొనుక్కుంటాడు. కూలి పని మానేస్తాడు.

ఇది పెద్దమాట కాదు. వల బాగుచేసేవాళ్లని చూడండి. తెగిన వలకన్ను వెతకాలి, దారం చుట్టిన పుల్ల దాంట్లో దూర్చి ముడి బిగించాలి. నైలాన్ దారం, ఎండలో తళతళ. నలభై అయిదొచ్చేసరికి ‘ఇంక నా వల్ల కాదు, కోడలు చేస్తాది’ అని లేచిపోతారు. పలాసలో జీడిపప్పు మీది పొర తీసే ఆడవాళ్లదీ అదే కథ. పొందూరు వెళ్లండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, వెంట్రుకంత నూలు వడికే చేతులు అక్కడున్నాయి. చేతులు చెడలేదు, వేళ్లకి విద్య తెలుసు. కంటికి దారం ఆనడం లేదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గర చూపు జోళ్లు ఇచ్చి చూశారు. కోసే ఆకు అయిదోవంతు పైగా పెరిగింది. 2018లో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఒకదాంట్లో వచ్చింది. మందు లేదు, కత్తి లేదు, ఖర్చు చూస్తే ఇంటిల్లిపాదీ ఒక్క సినిమాకెళ్లినంత ఉండదు.

అయినా మనకి జోడంటే నామోషీ. బళ్లో ‘నాలుగుకళ్లోడు’ అంటారు. పెళ్లిచూపుల రోజున ఆడపిల్ల జోడు బీరువాలో పడుంటుంది. పాపం, ఆ పిల్ల పెళ్లికొడుకు ముఖం సరిగా చూడకుండానే తలూపుతుంది! ఇప్పటి కుర్రాళ్లు సెల్‌ఫోన్ అద్దం గీత పడితే ఆ సాయంత్రమే మార్పిస్తారు. తల్లి జోడుకి దారం కట్టి ఉంటే ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకుంటారు. మా కుర్ర డాక్టర్లూ తక్కువ తినలేదు. యంత్రం చీటీ ఇస్తుంది, చీటీ చూసి నంబరు రాస్తారు. ‘నువ్వేం పని చేస్తావమ్మా’ అని అడగరు. వల అల్లే మనిషికి వల ఉండే దూరానికి నంబరు ఇవ్వాలి గానీ, దినపత్రిక దూరానికిస్తే ఏం లాభం?

అధ్యక్షులవారు చీటీ పంపారు. టీ చల్లారుతోందట. మిగతా నాలుగూ గబగబా.

నీటికాసులు నొప్పి లేకుండా చూపుని అంచుల్నుంచి తినేస్తాయి. పోయిన చూపు తిరిగిరాదు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లంతా, లేకపోయినా నలభై దాటినవాళ్లంతా కంటి ఒత్తిడి, నరం చూపించుకోండి. షుగరున్నవాళ్లు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంట్లో మందు వేయించుకుని లోపలి తెర చూపించుకోవాలి. కనపడటం తగ్గాక వస్తే మేం చెయ్యగలిగింది తక్కువ.

పిల్లలకి తొమ్మిదో నెల నుంచి విటమిన్ ఎ చుక్కలు మానకండి. కంట్లో వరి ఊక పడితే ఆకుపసరు, చనుబాలు పొయ్యకండి, కంటి మీద పువ్వు మిగులుతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్లేవాళ్లు స్వామిని గర్భగుడిలో కళ్లారా చూడండి, ఆకాశంలో మాత్రం తేరిపార చూడకండి. రెటీనా కాలుతుంది. నా భక్తికేమీ లోటు లేదు, ఇది వైద్యం. నేత్రదానానికి మనిషి పోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి, అందుకని వెంటనే కబురు పెట్టండి. ఈలోపు రెప్పలు మూసి, తడి గుడ్డ వేసి, ఫ్యాను ఆపండి. శుక్లం ఆపరేషనైనవాళ్ల కళ్లూ పనికొస్తాయి, దానంలో కావాల్సింది పైన నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరే.

బయట వరండాలో అక్షరాల అట్ట వేలాడదీశారు, దగ్గర చూపు జోళ్లు బల్ల మీద ఉన్నాయి. టీ తాగేవాళ్లు తాగండి. వలపని చేసేవాళ్లు ముందు వరసలోకి రండి, పని సామాను తెచ్చుకున్నవాళ్లు దాన్ని చేత్తో పట్టుకునే రండి, దాంతోనే నంబరు చూద్దాం. మూడో వరస అమ్మగారూ, మీరు కూడా.