పొట్ట కొలత – ముదిమిలో జ్ఞాపకశక్తి
(పంచాయతీ సభ్యుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో నలువది యేండ్లవానికి బొజ్జ వచ్చినచో "కలిగినవాడు" అని గౌరవింతురు. డెబ్బది యేండ్ల వృద్ధుడు ఇంటి దారి మరచినచో "చాదస్తము" అని నవ్వుదురు. ఈ రెంటికిని సంబంధము కలదని మనవి చేయవచ్చితిని.

అట్టి మరపు సహజమైన ముసలితనము గాదు, వ్యాధి. మతి క్షీణించు వ్యాధులలో ముఖ్యమైనది అల్జీమర్సు వ్యాధి. దీనిని 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ మొదట వివరించెను.

అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 1964-1973 నడుమ 40-45 ఏండ్ల వయసు గల 6,583 మంది పొట్ట మందమును కొలిచి వ్రాసియుంచిరి. సుమారు 36 సంవత్సరములకు వారిలో 1,049 మందికి మతిక్షీణత కలిగినట్లు తేలెను. మిక్కిలి చిన్న పొట్టవారికంటె మిక్కిలి పెద్ద పొట్టవారిలో ఈ ప్రమాదము దాదాపు మూడు రెట్లని 2008లో ప్రకటించిరి.

దీనికి కారణమేమి? చర్మము క్రింది క్రొవ్వు వేరు, ప్రేగుల చుట్టు పేరుకొను క్రొవ్వు వేరు. ఈ లోపలి క్రొవ్వునుండి వెలువడు పదార్థములు నేరుగా కాలేయమును చేరును. ఇన్సులిన్ పని మందగించును. రక్తమున చక్కెర, పోటు హెచ్చి సన్నని రక్తనాళములు చెడును. మెదడునకును ఈ హాని తగులునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయినను పొట్టయే ఏకైక కారణము గాదు. సన్ననివారికిని ఈ వ్యాధి వచ్చును. పొట్ట తగ్గినచో మరపు రానే రాదని హామీ ఈయజాలను. కాని మధుమేహము, గుండెజబ్బుల భయము తగ్గుట నిజము.

నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది. పొలమునకు మోటారు సైకిలుపై పోవుచున్నాము. పళ్లెములోని అన్నము మాత్రము తగ్గలేదు!

దర్జీ టేపు ఒకటి చాలును. ఊపిరి విడిచి, ప్రక్కటెముకలకును తుంటి ఎముకకును నడుమ కొలువుడు. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మించినవారు ఆరోగ్యకేంద్రమున పోటు, చక్కెర పరీక్షింపించుకొనవలెను. అన్నము, నూనె, తీపి తగ్గించి, దినమునకు అరగంట వడిగా నడువవలెను.

రాబోవు గ్రామసభలో ఈ కొలత ప్రారంభింపుడు. మొదట సర్పంచిగారి నడుమే కొలువుడు! నడచుటకు దారియు, దీపమును ఏర్పరుపుడు. దారి మరచిన వృద్ధుని చూచి నవ్వక, చేయి పట్టుకొని యిల్లు చేర్చుడు. పిదప వైద్యునికి చూపుడు.